కుంకుడు రసంలో కెంపుల పతకం

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరింట్లో పెళ్ళి జరిగినా, పెళ్ళివారికంటే ముందు ముస్తాబై కూర్చునే నగ ఒకటుండేది. పక్కింటి మామ్మగారి కెంపుల పతకం. ఇరవై ఒక్క కెంపులు, ఒక్కొక్కటి రేగుపండంత. మధ్యలో ఉన్నదైతే చీకట్లో దీపంలా వెలిగేది.

సరే, ఇది మనవలకు చెప్పే లెక్క. అసలు లెక్క తొమ్మిది రాళ్ళు. పెద్దది చింతగింజంత, మిగతావి కందిగింజలంత. చీకట్లో వెలిగేది కాదు. కానీ ఎండ తగిలితే మాత్రం దాని ఎరుపు చూసి తీరాల్సిందే. అందులో నా కల్పన ఏమీ లేదు.

అప్పుడు మేం విజయవాడ వన్ టౌన్‌లో మేడ మీద ఉండేవాళ్ళం. మేడ అన్నాను గదా అని మాదనుకునేరు. కింద ఎండుమిరపకాయల గోడౌను, పైన రెండు వాటాలు. ఒకటి మాది, ఒకటి మామ్మగారిది, రెండూ అద్దెవే. అది డెబ్బై మూడో, డెబ్బై నాలుగో గుర్తులేదు. మా ఇంటికొచ్చిన చుట్టాలంతా పలకరింపులకు ముందు నాలుగు తుమ్ములు తుమ్మేవాళ్ళని మాత్రం గుర్తుంది.

మామ్మగారికి వెనకా ముందూ ఎవరూ లేరు. భర్త పోయాక పతకం తాను పెట్టుకునేవారు కాదు. వాళ్ళమ్మ ఇచ్చిందని ఎంత ఇబ్బందొచ్చినా అమ్మేవారూ కాదు. పెళ్ళికి కావాలని అడిగిన వాళ్ళకల్లా ఇచ్చేవారు. మనుషుల మెడలో ఉంటేనే దానికి ఊపిరాడుతుందనేవారు.

ఆ వేసవిలో మంగళగిరిలో మా పిన్ని పెళ్ళి. అమ్మ పతకం అడిగి తెచ్చుకుంది. గురువారం పొద్దుపోయి తిరిగొచ్చాం. మర్నాడు శుక్రవారం. శుక్రవారం పూట బంగారం గడప దాటకూడదు, అది పరాయి వాళ్ళదైనా సరే, అని మా అమ్మ పట్టింపు. అలా పతకం ఒక్క రోజు మా ఇంట్లో ఆగిపోయింది. ఆ ఒక్క రోజే నా కొంప ముంచింది.

అమ్మకి ఇంకో పట్టింపు కూడా ఉండేది. అడిగి తెచ్చిన గిన్నెని తెచ్చినప్పటికంటే శుభ్రంగా తోమి ఇవ్వాలి. పతకం సందుల్లో చూస్తే గంధం, పసుపు, ఏనాటిదో నలుపు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే నాకు ఎక్కడలేని బుద్ధి పుట్టుకొచ్చింది. వేడినీళ్ళలో కుంకుడు రసం పిండి పతకాన్ని నానేశాను. బాగా నానాక పళ్ళపొడి అద్ది పాత బ్రష్షుతో తోమాను. బంగారం తళతళలాడింది. తుడిచి యథాప్రకారం పెట్టెలో పెట్టేసి, మామ్మగారు మురిసిపోయి ఎన్ని జంతికలు పెడతారా అనుకుంటూ గాలిపటం తీసుకుని డాబా ఎక్కాను.

శనివారం పొద్దున్న అమ్మ పెట్టె తెరిచేసరికి కెంపుల్లో ఎరుపు లేదు. ఒకటి బూడిద రంగులో ఉంది, ఒకటి నీళ్ళ టీ రంగులో ఉంది. అమ్మ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది, చెంగుతో తుడిచి మళ్ళీ చూసింది. నా బుర్ర తిరిగిపోయింది. రంగు వెలవడానికి అదేమన్నా చీరా? రాయిలో రంగు ఎక్కడికి పోతుంది? పారబోసిన నీళ్ళు కూడా ఎర్రగా లేవే! అమ్మ నన్నేమీ అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అమ్మ దాచకుండా తీసుకెళ్ళి చూపించింది. నేను వెనకే వెళ్ళాను. మామ్మగారు చాలాసేపు చూసి, "ఇది నాది కాదమ్మాయ్" అన్నారు. కోపంగా అనలేదు. ఎవరి చెప్పులో వేసుకొచ్చావన్నంత మామూలుగా అన్నారు. "పెళ్ళి హడావుడిలో ఎక్కడో మారిపోయుంటుంది, కనుక్కో."

పెళ్ళిలో పతకం అమ్మ మెడ దిగనే లేదు. మరి మారితే మార్చిందెవరు? ఆ మాట మామ్మగారు పైకి అనలేదు. అనుంటే రెండు వాటాల మధ్య వరండాలో మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయేవాళ్ళు.

"సాయిబుగారి దగ్గరికి పదండి మామ్మగారూ. నేను మార్చుంటే ఆయనే చెబుతారు" అంది అమ్మ.

సాయిబుగారు రాళ్ళు పొదిగే పనివారు. వీధి చివర కొట్టు, బీరువా అంత ఉండేది. వాళ్ళిద్దరూ కూర్చుంటే నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆయన పతకం ముందువైపు చూడనే లేదు. తిప్పి, వీపు మీద బొటనవేలితో నిమిరారు. గొలుసు దూరే రింగు ఒక పక్కకే అరిగి ఉంది. వెనక సుత్తిదెబ్బలు ఒంటికి రాసుకుని రాసుకుని నున్నబడ్డాయి.

"పాతదానిలా చెయ్యొచ్చమ్మా, నలుపు కూడా పెట్టొచ్చు. ఈ అరుగుదలకి ఇన్ని మెడలు ఎక్కణ్ణించి తెస్తారు? ఇది మీదే" అన్నారు. భూతద్దంలో రాళ్ళు చూపించారు. చేత్తో సానపట్టినవి కాబట్టి ఏ రెండూ ఒక్కలా లేవు. తూకం వేస్తే బంగారం ధరే వస్తుందనీ, ఈ పనితనం తక్కెడలో కూర్చోదనీ చెప్పారు.

"మరి ఎరుపేదయ్యా?" అన్నారు మామ్మగారు.

ఆయన సన్నటి ఉలిలాంటి చీరణంతో ఒక రాయి లేపి ఆవిడ అరచేతిలో పెట్టారు. లేత గులాబీ రంగు, ఇంకాస్త లేతబడితే నీళ్ళ రంగే. మామ్మగారు దాన్నే చూస్తూ, "అయితే మా అమ్మ నాకిచ్చింది ఉత్తిదా?" అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

"ఉత్తిదెందుకవుతుందమ్మా! నిఖార్సైన కెంపు, రంగు లేతదంతే. కింద ఎర్ర రేకు పరిచి మూసేసేవాళ్ళు వెనకటి పనివాళ్ళు. వెలుగు లోపలికెళ్ళి రేకుకి తగిలి ఎర్రగా బయటికొస్తుంది. ఆ రేకుకి నీళ్ళు తగిలాయా, చచ్చిందన్నమాటే." పతకాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "కుంకుడుకాయ. ఎవరు కడిగారు?"

అప్పుడు నేను ముందుకొచ్చి, "నేనేనండీ, మా అమ్మకేం తెలీదు" అన్నాను. మా పిల్లలకి ఇలాగే చెప్పాను, వాళ్ళ పిల్లలకీ ఇలాగే చెప్పాను. నిరుడు పెద్ద మనవరాలు ఇది విని నన్ను కావలించుకుంది కూడా.

నేనలా అనలేదు. "అమ్మే" అన్నాను.

అమ్మ తిరిగి నా వైపు చూసింది. తర్వాత ఆయనతో, "అవునండీ, నేనే. శుభ్రంగా ఇద్దామని..." అంది. మామ్మగారు అమ్మనీ చూశారు, నన్నూ చూశారు. సాయిబుగారు, ఇలా రేకు పరిచి మూసిన నగని నీళ్ళలో ముంచకూడదని చెప్పడం మొదలుపెట్టారు. పొడి నూలుగుడ్డతో మెల్లగా అద్దాలి. దుమ్ముంటే మెత్తని కుంచె చాలు. గంధం అంటితే గుడ్డ కొస తడిపి, గట్టిగా పిండి, రాళ్ళ జోలికి పోకుండా బంగారం మీదే రాయాలి. మూలల్లో నలుపు ఉంటే ఉండనివ్వాలి, దానివల్లే పనితనం కంటికి ఆనుతుంది. చెబుతున్నది అమ్మకి, చూస్తున్నది నన్ను. రేకులు మార్చి పది రోజుల్లో ఇస్తానన్నారు.

దారిలో అమ్మ తిట్టలేదు. ఇంటికొచ్చి కొట్టనూ లేదు, అన్నం పెట్టింది. నాకేమీ అర్థం కాలేదు. నాలుగు తగిలిస్తే ఆ గొడవ అక్కడితో తీరిపోయేది. ఎందుకు ఒప్పుకున్నట్టు? నన్ను కాచిందా? నలుగురిలో కొడుకుని అబద్ధాలకోరనలేకపోయిందా? నగని జాగ్రత్త చెయ్యనిది తానే కాబట్టి నిజంగానే తన తప్పనుకుందా? ఇన్నేళ్ళొచ్చినా ఈ మూడింటిలో ఏదో తేల్చుకోలేకపోతున్నాను.

కొన్నాళ్ళకి మా మేనమామ పెళ్ళి వచ్చింది. అమ్మ పతకం అడగలేదు, ఉత్త గొలుసుతోనే బయల్దేరింది. మామ్మగారే వరండాలోకొచ్చి పతకం అమ్మ చేతిలో పెట్టారు. "వేసుకెళ్ళవే అమ్మాయ్. నువ్వు కడగవని నాకు తెలుసులే" అన్నారు. లోపలికెళ్తూ నా నెత్తిన ఒక మొట్టికాయ వేశారు. పెద్ద దెబ్బేం కాదు. కళ్ళలో నీళ్ళెందుకొచ్చాయో మరి.

అమ్మ ఉన్నంతకాలం ఆ సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఇంట్లో గ్లాసు పగిలి "ఎవరు?" అని కేక వినపడితే నా నాలుక మీదికి ముందు పక్కవాళ్ళ పేరే వస్తుంది. అరవై దాటినా ఆ బుద్ధి పోలేదు. దాన్ని మింగి "నేనే" అనడానికి ఒక్క క్షణం పడుతుంది. మా ఆవిడ అది చెవుడనుకుంటోంది. నేనూ అనుకోనిస్తున్నాను.