తాతయ్య ఉతికిన ఫిల్టరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది తాతయ్య. లేవగానే నేరుగా ఇంటి ముందున్న లారీ దగ్గరికి వెళ్లేవాడు. మాది కొండపల్లి దగ్గర. థర్మల్ స్టేషన్ బూడిదను నాన్న ఇటుక బట్టీలకు తోలేవాడు. ఆ బూడిద జల్లించిన పిండికంటే మెత్తగా ఉంటుంది. పార తగిలితే చాలు, గాల్లోకి లేచి చాలాసేపు అక్కడే తేలుతుంది. మా ఇంటికి అన్నం పెట్టింది ఆ బూడిద, దాన్ని మోసే ఆ ఒక్క లారీ.

తాతయ్య జీవితమంతా లారీ నడిపినవాడు. చూపు మందగించాక స్టీరింగు నాన్నకు అప్పగించి, లారీ ఆలనాపాలనా మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. ఆయన కాలం లారీకి గాలి వడగట్టే ఫిల్టరు నూనెది. అడుగున గిన్నెలో ఇంజన్ ఆయిల్, పైన తీగల జాలీ ఉండేవి. గిన్నెలో చేరిన మడ్డి పారబోసి, జాలీని డీజిల్లో కడిగి, కొత్త ఆయిల్ పోస్తే అది మళ్లీ పనికొచ్చేది. ఎన్నిసార్లు కడిగినా దానికేమీ కాదు. తాతయ్యకు ఆ పని పూజతో సమానం.

తరువాత కొన్న లారీకి కాగితం ఫిల్టరు వచ్చింది. కావాలంటే పాత రకమే బిగిస్తానని ఆటోనగర్ మేస్త్రీ గారు అన్నారు. సన్నటి దుమ్మును కాగితమే బాగా ఆపుతుందని నాన్న దాన్నే ఉంచుకున్నాడు. అది నిండిపోతే తీసి పారేసి కొత్తది వేసుకోవాలి. ఈ మాట తాతయ్యకు మింగుడుపడలేదు.

"చొక్కా మాసినా పారేసి కొత్తది కొంటావేంట్రా?" అన్నాడు నాన్నతో, వీధిలో నలుగురూ వినేట్టు.

నాన్న నవ్వి ఊరుకున్నాడు. తాతయ్య మాత్రం ఊరుకోలేదు. రోజూ తెల్లవారగానే ఫిల్టరు ఊడదీసేవాడు. ముందు టైరుకేసి తట్టేవాడు. తరువాత పంక్చర్ షాపుకు తీసుకెళ్లి గాలి కొట్టించేవాడు. లారీ కదలని రోజున సబ్బు పొడి నీళ్లలో ముంచి, మడతమడతనూ వేలితో రుద్ది, గోడ మీద ఎండబెట్టేవాడు. ఎండాక అది కొత్తదానిలా పచ్చగా మెరిసేది. "చూడరా, పారేస్తానన్నాడు మీ నాన్న" అని నాకు చూపించి మురిసిపోయేవాడు. అలా చెయ్యకూడదని నాన్నకు తెలుసు. ఒకటి రెండుసార్లు మెల్లగా చెప్పి చూశాడు కూడా. తాతయ్య ముఖం చిన్నబోవడం చూసి ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కొన్నాళ్లకు లారీ నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. ఆయిల్ ఎంత పోసినా తాగేసేది. చివరికి ఖాళీ బండితో కూడా ఫ్లైఓవర్ ఎక్కలేక ఆగిపోయింది. ఆటోనగర్‌కు కట్టి లాక్కెళ్లారు. బడి లేని రోజు కాబట్టి నేనూ వెళ్లాను.

మేస్త్రీ గారు ముస్లిం పెద్దాయన, తాతయ్యను బాబాయ్ గారూ అని పిలిచేవారు. ఆయన ఫిల్టరు విప్పి, దాని వెనక ఇంజన్‌లోకి వెళ్లే గొట్టంలో వేలు పెట్టి తీశారు. వేలికి బూడిద అంటింది. తాతయ్య బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ గారు నాన్నను షెడ్డు లోపలి మూలకు పిలిచి, వైరుకు వేలాడే బల్బును ఫిల్టరు మధ్యలో పెట్టారు. కాగితం మడతల్లోంచి అక్కడక్కడా సూదిమొనంత వెలుగులు బయటికి వచ్చాయి. రుద్దీ తట్టీ కాగితానికి పడిన చిల్లులవి అని తెలియక నాకు ముచ్చటేసింది. నాన్న మాత్రం తల దించుకున్నాడు.

అంతలో తాతయ్య కర్ర చప్పుడు వినిపించింది. మేస్త్రీ గారు టక్కున బల్బు ఆర్పేశారు.

"ఏంటి సాయిబూ, నా శుభ్రంలో లోపమేమన్నా ఉందా?" అని అడిగాడు తాతయ్య.

"మీ చేతికి వంక పెట్టేదెవరు బాబాయ్ గారూ. బూడిద అలాంటిది. ఈ కాగితం దాన్ని ఆపలేదండీ."

తాతయ్య నాన్న వైపు తిరిగాడు. "ముందే చెప్పానా? పారేసే సరుకు తెచ్చి ఇంజన్ తినేశావు." నాన్న అవునన్నట్టు తలూపాడు.

ఇంజన్‌లో పిస్టన్ ఆడే బోరు బూడిదకు పూర్తిగా అరిగిపోయింది. ఇంజన్ మళ్లీ కట్టించే స్తోమత మాకు లేదు. లారీని పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేశాం. ఫిల్టరును మాత్రం తాతయ్య సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం ఆయనకు ఆ సూదిమొనల వెలుగులు చూపిద్దామని నేను టార్చి తీశాను. నాన్న నా చేతిలోంచి దాన్ని తీసుకుని, బ్యాటరీలు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఆయనకి ఆ పనొక్కటే ఉండేదిరా" అన్నాడు.

నాన్న ఆ తరువాత చివరిదాకా వేరేవాళ్ల లారీలే నడిపాడు. తాతయ్య టీ కొట్టు దగ్గర కూర్చుని, కొడుకు తెలివితక్కువతనం వల్ల బండి పోయిందని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నాన్న పక్కనే నిలబడి టీ తాగేవాడు. తాతయ్య అలా నమ్ముతూనే పోయాడు. నాన్న కూడా ఎవరికీ ఏమీ చెప్పకుండానే పోయాడు.

నేను ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు బండ్ల మెయింటెనెన్స్ చూస్తున్నాను. కడిగేది మంచిదా, పారేసేది మంచిదా అని అడుగుతుంటారు. కాగితంపై పేరుకున్న దుమ్మే ఇంకా సన్నటి దుమ్మును ఆపుతుంది. దాన్ని ముట్టుకోకుండా ఉండగలిగేవాళ్లకు కాగితమే మంచిది. చూస్తూ ఊరుకోలేని చేతులకు కడుక్కునేది ఇవ్వాలి. అందుకే నేను ముందు బండిని చూసేది ఎవరని అడుగుతాను. ఇది నాన్నకు ఫిల్టరు ఎంచుకున్న రోజే తెలిసి ఉంటే లారీ మిగిలేదేమో. ఆ బల్బు ఆర్పడం వల్ల మిగిలింది తాతయ్య మాట నెగ్గడం ఒక్కటే. దాని ఖరీదు నాన్న కట్టాడు. అది న్యాయమని నాకు ఇప్పటికీ అనిపించదు.

అయినా షెడ్డులో ఫిల్టరు లోపల దీపం పెట్టే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను, దాన్ని శుభ్రం చేసిన మనిషి అక్కడ నిలబడి ఉన్నాడేమోనని.