ఇసబెల్ జ్వరం తగ్గాలని

మొన్న ఆదివారం అమీర్‌పేట చర్చిలో ఏం జరిగిందో మీ చెవిన పడే ఉంటుంది. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఆ పని చేసినవాణ్ణి నేను కాబట్టి నా నోటనే వినండి. చాయ్ చల్లారనివ్వకండి.

ముందుగా ఒక మాట. నాకు స్పానిష్ వచ్చు. నవ్వకండి. గురువు లేడు, బడి లేదు, పంజాగుట్టలో మా ఇంటి అరుగు మీద కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. నాంపల్లిలో ఒక పాత సామాన్ల దుకాణంలో స్పానిష్ పుస్తకం కనబడింది. అట్ట లేదు, మొదటి పేజీలు చెదలు తినేశాయి. పక్కనే అరచేతిలో పట్టేంత డిక్షనరీ. అయితే మా ఇంట్లో నవల అడుగుపెట్టకూడదు. చర్చిలో స్త్రీల సమాజానికి మా అమ్మే పెద్ద. నవలలు చదివితే ఇల్లు పాడవుతుందని ఊరందరికీ చెప్పే మనిషి. అందుకే దుకాణం భాయ్‌ని గట్టిగా అడిగాను.

"నవల కాదు కదా, భాయ్?"

"తోబా తోబా. తారీఖ్ హై సాబ్. అసల్ స్పెయిన్ కీ తారీఖ్."

తారీఖ్ అంటే చరిత్ర. ఇంకేం కావాలి? భాషా వస్తుంది, చరిత్రా వస్తుంది.

చదవడానికి నాదొక పద్ధతి. డిక్షనరీలో ఉన్న మాట పట్టుకోవాలి, లేని మాట వదిలేయాలి. అంత ముఖ్యమైన మాటైతే డిక్షనరీవాడు వదిలేస్తాడా? ఈ పద్ధతి మీద కథ తొందరగానే నా చేతికి చిక్కింది. ఒక ఊరిని శత్రువులు చుట్టుముట్టారు. ఆ ఊరి గోడ మీద ఇసబెల్ అనే ఆవిడ నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే పత్రికల్లో రోజూ స్పెయిన్ అంతర్యుద్ధం వార్తలు. రెండూ ఒకటేనని ఇట్టే కనిపెట్టాను. శత్రువులు ఫ్రెంచివాళ్లని పుస్తకంలో ఉంది, పత్రికలో ఆ ముక్క లేదు. పత్రికవాళ్లకు అన్నీ ఎక్కడ తెలుస్తాయిలే అనుకున్నాను.

సాయంత్రాలు అమ్మ బియ్యం ఏరుతుంటే చదివినంత వరకు చెప్పేవాణ్ణి. ఇసబెల్ పగలనక రాత్రనక గోడ దిగలేదు. ఆవిడ గొంతెత్తితే శత్రువులు వెనక్కి పరుగెత్తుతారు. పొద్దుగూకేసరికి ఆవిడ నోరు మండిపోతుంది, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సిపాయిలు నీళ్లు పోసి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడుస్తారు.

అమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "అయ్యో, గంత జరమా? ఆమెకు ఎవ్వరు లేరా?"

"ఎవరూ లేరమ్మా. గోడ మీద ఒక్కతే."

"పరాయి మొగోళ్లు నీళ్లు పోసుడేంది మరి? ఊర్లె ఒక్క ఆడమనిషి సుత లేదా?"

"యుద్ధమమ్మా," అన్నాను. నిజానికి ఆ సందేహం నాకూ వచ్చింది. కానీ చరిత్రను మనం దిద్దగలమా?

ఆ బుధవారమే స్త్రీల ప్రార్థనలో ఇసబెల్ పేరు చేరింది. "ప్రభువా, స్పెయిన్‌లో ఉన్న మా సహోదరి ఇసబెల్ ఒంటి వేడిమిని చల్లార్చుము" అని అమ్మ ప్రార్థించడం, అందరూ ఆమెన్ అనడం. ఇక నా గొప్ప చూడండి. దారిలో కనబడ్డ ప్రతి అత్తమ్మా నన్ను ఆపి అడగడమే. "ఇసబెల్‌కు ఎట్లున్నదిరా? బువ్వ తింటున్నదా?" వాళ్లకు జవాబు చెప్పాలంటే ముందుకు చదవక తప్పదు. నాకు స్పానిష్ ఇంత గట్టిగా వచ్చిందంటే ఆ అత్తమ్మల చలవే. మా పక్కింటి మార్తమ్మత్త అయితే ఊలు కొని శాలువా అల్లడం మొదలుపెట్టింది, చలిలో గోడ మీద నిలబడ్డ మనిషికి కప్పుకోవడానికైనా ఉండొద్దా అని.

శాలువా అయితే పూర్తయింది, స్పెయిన్‌కు పంపేదెలా? అదృష్టం కొద్దీ మొన్న ఆదివారం ఒక మిషన్ దొరసాని మా చర్చికొచ్చింది. వయసులో ఉండగా స్పానిష్ మాట్లాడే దేశాల్లో పనిచేసి, తర్వాత మనవైపు వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. ఇప్పుడు సోమాజిగూడలో బస. ఆరాధన అయ్యాక అమ్మ సమాజం మొత్తాన్ని వెంటేసుకుని, శాలువా పట్టుకుని ఆమె ముందు నిలబడింది. నన్ను ముందుకు తోసింది.

"వీడు నా కొడుకు, దొరసానమ్మా. స్పెయిన్ బాస సదువుతడు. గీ శాలువా జర ఇసబెల్‌కు అందేటట్టు చూడుండ్రి."

"ఏ ఇసబెల్?" అంది దొరసాని.

నేను తలెత్తుకుని పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆమెకు తెలుసో లేదో అని ముట్టడి సంగతంతా వివరించాను. ఆమె పేజీలు తిప్పింది. పెదవులు బిగించింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని అత్తమ్మలందరూ కొంగులు కళ్లకు అద్దుకున్నారు.

"ఈ యుద్ధము మీ తాతగారి తాతగారి కాలమునాటిది," అంది చివరికి.

సరే, చరిత్ర అన్నాక పాతదే ఉంటుంది అని సర్దుకున్నాను.

"మరియు ఇది చరిత్ర కాదు, నవల. నేను బడిలో చదివితిని."

అమ్మ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. నవలలు చదివే పిల్లల తల్లులను ఇదే చర్చిలో నిలబెట్టి మందలించిన మనిషి. ఇన్నాళ్లూ ఆమె ఇంట్లోనే, ఆమె నోటి ద్వారానే నవల నడిచిందని అందరికీ తెలిసిపోయింది. ఆమె పెద్దరికం ఈ పూటతో సరి. నా పరువు పోతే పోయింది, అమ్మ పరువు ఏం కాను?

"ఇసబెల్ కూడ..." దొరసాని ఇక నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆమె స్త్రీ కాదమ్మా. ఫిరంగి. ఆ ఊరివారు తమ ఫిరంగికి పెట్టుకొనిన పేరు."

నోరు కాలడం, నీళ్లు పోయడం, గొంతెత్తితే శత్రువులు పారిపోవడం, ఒక్కొక్కటే నాకు అర్థమవుతూ వచ్చింది. మార్తమ్మత్త శాలువాను చూసింది, నన్ను చూసింది. "ఫిరంగికారా నేను అల్లింది?"

అప్పుడు అమ్మ గొంతు సవరించుకుంది. "దొరసానమ్మా, ఆఖరికి ఆ ఫిరంగి ఏమైంది?"

"యుద్ధము ముగిసినది. ఫిరంగి చల్లబడి, మరల పలుకలేదు."

అమ్మ సమాజం వైపు తిరిగింది. "ఇన్నరా? చల్లార్చు తండ్రీ అని అడిగినం. మనం అడుగకముందే చల్లార్చిండు. మన ప్రార్థన ఊకె పోలే."

మార్తమ్మత్తే ముందుగా ఆమెన్ అంది. శాలువా దొరసాని భుజాల మీదికి చేరింది. అమ్మ పెద్దరికం పోలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

ఇంటికొచ్చాక నన్ను బయటికి గెంటుతుందనే అనుకున్నాను. అమ్మ అన్నం వడ్డిస్తూ అంది: "సగంల ఇడిస్తే ఏం లాభం? మిగిలింది సుత సదువు. గని పేరు రాంగనే ముందుగాల చెప్పు, మనిషా, సామానా?"

ఇక పొరపాటుండదని మాటిచ్చాను. ఉండదు కూడా. వచ్చే శనివారం యువజన సంఘంలో ఉపన్యాసానికి కూడా ఒప్పుకున్నాను, అదే పుస్తకంలోని పేద్రో అనే వీరుడి మీద. మీరంతా రావాలి. ఎంతటివాడనుకున్నారు! ముట్టడిలో ఊరికి కావలసిన బరువంతా తన వీపు మీదే మోశాడు. దెబ్బలు తిన్నా ఒక్క మాట అనలేదు. తిండి లేక గడ్డి తిన్నాడు. మీరెందుకు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు? నేను క్షుణ్ణంగా చూశాను, పేద్రో మనిషే. నాలుగు కాళ్లని ఎక్కడా రాయలేదు.