బండిలో రెండో మంచం

ఆ బండి మా ఇంటికొచ్చిన రోజు పసుపు రంగులో ఉంది. హుస్నాబాద్ వైపు ఒక చిన్న ప్రైవేటు బడి మూతపడితే, పిల్లల్ని తిప్పిన వ్యాన్‌ను మా ఆయన కొనుక్కొచ్చారు. సీట్ల వెనకాల పిల్లలు పెన్నులతో గీసిన బొమ్మలు, ఒకరి మీద ఒకరు రాసుకున్న తిట్లు అట్లాగే ఉన్నాయి. బళ్లో తెలుగు చెప్పి చెప్పి రిటైరైన దాన్ని కదా, ఆ తిట్లలో ఒత్తులు తప్పుగా ఉండటం చూసి నవ్వుకున్నాను.

మా ఆయన కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు. గాలివాన వస్తే ఊరంతా ఇళ్లలోకి పరుగెత్తేది, ఆయన ఇంట్లోంచి బయటికి పరుగెత్తేవారు. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప మేమిద్దరం కలిసి ఎటూ పోయింది లేదు. ఒకసారి అరకు పోదామని రైలు టికెట్లు కూడా కొన్నాం. పొద్దున బయల్దేరాలనగా ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆయన అటు పోయారు. నేను సర్దిన బ్యాగులోంచి బట్టలు తీసి మళ్లీ బీరువాలో పెట్టాను.

ఇద్దరం రిటైరయ్యాక, మధ్యాహ్నం తిని ఒకే ఫోనులో వీడియోలు చూడటం అలవాటైంది. ఎవరెవరో వ్యాన్‌లో మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టుకుని దేశమంతా తిరుగుతున్నారు. అలాంటిదాన్ని క్యాంపర్ వ్యాన్ అంటారని అప్పుడే తెలిసింది. ఒకరోజు వీడియో మధ్యలో ఆపి ఆయనే అడిగారు.

"మనం గూడ గిట్లాంటిది చేపిచ్చుకుందామా?"

"నిజంగనే అంటున్నరా?"

"నిజంగనే. బండి నేను నడుపుత. ఏడ ఆపాల్నో నువ్వు చెప్పు."

ఆ మాటకు నేను పడిపోయానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

బండి కొలతలు తీసుకుని, డాబా మీద ముగ్గుపిండితో దాని నమూనా వేశాను. అసలు బండి ఎంత పొడవో, ఎంత వెడల్పో అంతే. ఇక్కడ తలుపు, ఇక్కడ పొయ్యి, ఇక్కడ అటొకటీ ఇటొకటీ రెండు మంచాలు, మధ్యలో నడవడానికి సందు. మంచాల పొడవు సరిపోతుందో లేదో చూద్దామని ఇద్దరం ఆ గీతల్లో పడుకున్నాం. పక్క డాబా మీద బట్టలారేస్తున్న ఆవిడ చూసి, "ఏంది టీచరమ్మా, సారును గూడ ముగ్గుల పండవెట్టినవ్?" అని నవ్వింది. ఆయన లేవకుండానే చేయి ఊపారు. ఆ సాయంత్రం ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. అబద్ధం చెబుతున్న ముఖం కాదది. అందుకే తర్వాత జరిగింది నాకు ఇంకా అర్థం కాదు.

పని చేసే షెడ్డు మా సిద్దిపేట దాటుతుండగా రోడ్డు పక్కన ఉంది. లారీలకూ వ్యాన్లకూ బాడీలు కట్టే పెద్దమనిషిది. తెల్ల గడ్డం, నోట్లో ఎప్పుడూ వక్క. ఇటువంటి పని ఆయనా ముందెప్పుడూ చేయలేదట. మా ఫోనులో వీడియోలు చూసి, "అయితది మేడం. పెండ్లి బస్సుకు చేసినట్టే. జర చిన్నగ చేయాలె, గంతే" అన్నాడు.

వైరింగంతా మా ఆయనే చేశారు. పైకప్పు మీద సోలార్ పలక, లోపల బ్యాటరీ, రెండు చిన్న ఫ్యాన్లు, వేడి గాలిని బయటికి లాగేది మరొకటి. కిటికీలకు దోమల జాలీ. పక్కనుంచి బయటికి లాగితే పందిరిలా పరుచుకునే గుడ్డ. దాని కింద కూర్చుని చాయ్ తాగడానికి మడత కుర్చీలు రెండు.

నేను ముఖ్యంగా అడిగినవి మూడు. మోకాళ్ల నొప్పి కాబట్టి ఎక్కడానికి తలుపు కింద ఒక మెట్టు. ఆయన నడుపుతుంటే పక్కనే కూర్చోవడానికి ముందు ఒక మంచి సీటు. మూడోది, ఎక్కడికైనా తీసుకుపోగలిగే డబ్బా లెట్రిన్. ఆ మూడోదాని గురించి మగవాళ్ల ముందు చెప్పడానికి మొదట బిడియపడ్డాను. తర్వాత, నా ప్రయాణం గురించి నేను మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు అనుకుని, వీడియోలో చూపించి మరీ చెప్పాను. బళ్లో సరైన బాత్రూం లేక సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా పాఠాలు చెప్పిన రోజులు నాకున్నాయి. చెట్ల చాటు వెతుక్కునే ప్రయాణం ఇక నాకొద్దు.

ముందు పోయింది మెట్టు. స్పీడ్ బ్రేకర్‌కు తగులుతోందని మా ఆయన తీయించేశారు. "నేను చెయ్యి పట్టి ఎక్కిస్త తియ్" అన్నారు. ఆ మాటలోని ప్రేమకు మెట్టును మర్చిపోయాను. తర్వాత, ముందు సీటు కింద బ్యాటరీ పెట్టాల్సి వచ్చిందనీ, సీటు వెనక్కి వాలదనీ చెప్పారు. సరే, నిటారుగానే కూర్చుంటానన్నాను. ఆ తర్వాత లెట్రిన్.

"అది పెద్ద బరువు. జాగ తింటది. పెట్రోల్ బంకులల్ల ఉంటయ్ గద."

"బంకులల్ల ఎట్లుంటయో మీకు తెల్వదా?"

"చూద్దాం తియ్, తర్వాత పెట్టిద్దాం."

అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు. ఎవరైనా మనల్ని కొద్దికొద్దిగా పక్కకు జరుపుతుంటే, జాగా ఇరుకైందనే అనుకుంటాం.

ఈలోగా జగదేవ్‌పూర్‌లో ఉండే మా చెల్లెకు ఆపరేషన్ అయితే, సాయంగా ఉండటానికి వెళ్లాను. వెళ్లేటప్పుడు పరదాల గుడ్డ వెంట తీసుకెళ్లాను. నీలం మీద సన్నటి తెల్ల గీతలున్న చేనేత గుడ్డ, నేనే ఏరి కొన్నాను. చెల్లె నిద్రపోయినప్పుడల్లా వాళ్లింటి మిషను మీద కుట్టాను. కిటికీలకు పరదాలు, రెండు పరుపులకూ రెండు దిండ్లకూ గలేబులు. ఆయన రోజూ ఫోన్ చేసేవారు. "పని మంచిగ నడుస్తుంది. నువ్వచ్చేవరకు తయారైతది" అనేవారు. "పరదాలు కుట్టుడు అయిందా?" అని కూడా అడిగేవారు. అడగకుండా ఉండి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

చెల్లె లేచి తిరగడం మొదలుపెట్టాక నేను బయల్దేరాను. ఆయనకు చెప్పకుండా, బస్సు దిగి నేరుగా ఆటోలో షెడ్డుకు పోయాను. పరదాలు నా చేత్తో కట్టి ఆశ్చర్యపరచాలని. ఆయన అప్పుడే అన్నానికి ఇంటికెళ్లారట. బండికి తెల్ల రంగు వేశారు, మెరిసిపోతోంది. షెడ్డు పెద్దమనిషి స్టూలు తెచ్చి వేస్తే దాని మీద కాలు పెట్టి ఎక్కాను.

లోపల కుడిచేతి వైపు మంచం ఉంది. ఎడమ వైపు, నా మంచం ఉండాల్సిన చోట, గోడకు సామాను పెట్టుకునే అరలు ఉన్నాయి. అరల కింద మడత కుర్చీ, ఒకటే.

"గీడ ఇంకో మంచం ఉండాలె గద?" అన్నాను.

పెద్దమనిషి వక్క నమలడం ఆపాడు. "సార్ చెప్పలేదా మేడం మీకు?"

"ఏం చెప్పాలె?"

"అది తీసెయ్యమన్నడు. ఒక్కటే చాలన్నడు, తిరిగేది నేనొక్కన్నే గద అన్నడు. మీ మోకాళ్లకు దూరం పడదని మీరే రానన్నరట." చేత్తో వెనక్కి చూపించాడు. "మంచమైతే తయారైంది. గదో, గోడకానిచ్చి పెట్టిన. మంచి చెక్క మేడం, పారెయ్య మనసొప్పలే."

గోడకు నిలబెట్టి ఉంది నా మంచం. దాని మీద దుమ్ము కూడా పడింది. అంటే నిన్నటి మాట కాదు. నేను చెల్లె ఇంట్లో గలేబుకు అంచు కుడుతుండగా, ఆయన "అయిందా?" అని అడుగుతుండగా, అది అక్కడే ఉందన్నమాట. నేను రానని ఎన్నడూ అనలేదని ఆ పెద్దమనిషితో చెప్పలేదు. మా ఆయన మాట అబద్ధమని పరాయివాళ్ల ముందు చెప్పలేకపోయాను. ఆయన పరువును అప్పుడు కూడా నేనే కాపాడాను.

ఇంటికి పోయేసరికి ఆయన అన్నం తిని చేయి కడుక్కుంటున్నారు. నన్ను చూసి సంతోషపడ్డారు. నిజంగానే పడ్డారు. నేను సంచీ కింద పెట్టి, షెడ్డు నుంచే వస్తున్నానని చెప్పాను. ఆయన తువ్వాలు తీసుకుని చాలాసేపు చేతులు తుడుచుకున్నారు.

"నేను రానని ఎప్పుడన్న?"

తువ్వాలు మడిచి దండెం మీద వేశారు.

"అడుగుతున్న. ఎప్పుడన్న నేను?"

"అనలే." కుర్చీలో కూర్చున్నారు. "నీకెట్ల చెప్పాల్నో తెల్వలే. నౌకరి ఉన్నన్ని రోజులు ఎవరో ఒకరు పిలుసుడు, నేను ఉరుకుడు. ఇంట్లకొస్తే ఇంట్లోళ్లు. ఒక్కన్ని ఉన్నది లేదు. ఆ బండిల పనిచేస్తుంటే, ఒక్కన్నే పోవాల్ననిపిచ్చింది. ఎవ్వరికీ జవాబు చెప్పకుండ. నీ మీద కోపమేం లేదు."

"గా మాట నాకు మొదలే చెప్తే అయిపోతుండె. పొమ్మందును. కోపమొస్తుండె, ఏడుస్తుంటి, ఆఖరుకు పొమ్మందును. నాతోని పరదాలెందుకు కుట్టిపిచ్చిన్రు?"

ఆయన తల వంచుకుని, "నువ్వు సంబరంగ కుడుతుంటివి. ఆపబుద్ధి కాలే" అన్నారు.

ఆ జవాబును నేను ఎన్నిసార్లు తిప్పి చూశానో. అందులో జాలి ఉంది. ఆ జాలే నాకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్లు చూసి ఊరుకున్నట్టు, నన్ను నా సంబరంలో వదిలేసి ఆయన తన పని తాను చేసుకున్నారు.

మర్నాడు ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని షెడ్డుకు వెళ్లాను. నా మంచం ఎక్కించుకుని ఇంటికి తెచ్చి, ముందు వరండాలో వేయించాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. సాయం పడదామని ఒక అడుగు ముందుకేసి, నా ముఖం చూసి ఆగిపోయారు. ఆయన మంచానికి కుట్టిన గలేబులు, పరదాలు టేబుల్ మీద పెట్టేశాను. కట్టుకోవాలో వద్దో ఆయన ఇష్టం.

కట్టుకునే వెళ్లారు. బయల్దేరే పొద్దున గేటు దాకా వెళ్లాను, ఇరుగుపొరుగు చూస్తారని. "పోయొస్త మరి" అన్నారు. "ఊఁ" అన్నాను. పరదాలు గాలికి ఊగుతూ సందు మలుపు తిరిగాయి.

మహారాష్ట్ర వైపు వెళ్లారు. రోజూ ఫొటోలు పంపేవారు. కొండలు, ఏదో చెరువు, పందిరి గుడ్డ కింద పొయ్యి మీద మరుగుతున్న చాయ్. నేను ఫొటోలు చూసేదాన్ని, జవాబు రాసేదాన్ని కాదు. ఫోన్ చేస్తే, తిన్నావా అని ఆయన అడిగితే తిన్నాను అనడం వరకే. ఒకసారి ఆయన, "గీడ పెద్దగ జనం లేరు. నువ్వుంటే బాగుండు" అన్నారు. నాకు కోపం కూడా రాలేదు. ఫోన్ పెట్టేశాను.

నెల తిరుగుతానని వెళ్లిన మనిషి సగంలోనే వచ్చేశారు. నడుం పట్టేసిందన్నారు. బండి తెచ్చి ఇంటి ముందు పెట్టి, స్నానం చేసి, నా దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"ఆ అరలు తీపిచ్చి నీ మంచం మళ్ల పెట్టిద్దాం. మెట్టు గూడ. నువ్వడిగిన ఆ డబ్బా గూడ తెప్పిద్దాం. ఈసారి ఇద్దరం పోదాం."

"నాకొద్దు."

"నా తప్పే అంటున్న గద."

"తప్పయినా కాకున్నా, నాకొద్దు. మీరు మళ్ల పోతే పోండి."

ఆయన మళ్లీ పోలేదు. మేం కొట్లాడుకోవడం లేదు. పొద్దున కోమటి చెరువు కట్ట మీద నడవడానికి కలిసే పోతాం, కూరగాయలు కలిసే తెస్తాం. నా మోకాలు పట్టేసిన రోజు కాపడం పెట్టేది ఆయనే. చూసేవాళ్లకు మా మధ్య ఏమీ జరగలేదు. కానీ ఆయన ఏదైనా 'మనం' అని మొదలుపెడితే, ఆ మాట దగ్గరే నా చెవి ఆగిపోతుంది. ఆ మనంలో నేనున్నానో లేదో ముందు చూసుకుంటాను. పెళ్లయిన ఇన్నేళ్లలో లేని అలవాటిది.

మొన్న ఆయనతో పనిచేసినవాళ్లు ఇద్దరు ఇంటికొచ్చారు. బండి చూపించమన్నారు. ఆయన తలుపు తీసి ఒక్కొక్కటీ చూపిస్తున్నారు. ఫ్యాన్ తిప్పారు, కుళాయి తిప్పారు, పందిరి గుడ్డ లాగి పరిచారు. చాయ్ తీసుకుని గేటు దాకా వెళ్లేసరికి, వచ్చినవాళ్లలో ఒకాయన పరదా పట్టుకుని చూస్తూ, "మంచిగ సెట్ చేసినవన్నా, ఎవల ప్లాను?" అని అడుగుతున్నాడు.

"అంత మా టీచరమ్మదే" అన్నారు మా ఆయన, గర్వంగా. "ఏడ ఏముండాల్నో అంత తనే గీసింది. ఇద్దరం కలిసి చేసినం."

నేను గేటు దగ్గరే ట్రే వాళ్ల చేతికిచ్చి, చాయ్‌లో చక్కెర సరిపోయిందో లేదో చూసుకోమని చెప్పి, లోపలికి వచ్చేశాను.