కోడలి కోసం ఏరిన బియ్యం

ఐదో నెలలో మా కోడలికి రక్తపరీక్ష చేసి, రక్తం తొమ్మిదే ఉందని కాగితం మీద రాసిచ్చారు. పదకొండైనా ఉండాలట. కోడలు ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. నేను మాత్రం దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాను. నా చెల్లెలు తొలి కాన్పులో రక్తం చాలక చనిపోయింది. పిట్లం నుంచి నిజామాబాద్ తీసుకుపోతుంటే జీపులో దాని తల నా ఒడిలోనే ఉంది. అప్పటి నుంచి కడుపుతో ఉన్న పిల్ల ముఖం పాలిపోయి కనిపిస్తే చాలు, నాకు ఒళ్లు చల్లబడుతుంది.

భయపడుతూ కూర్చుంటే ఎవరి కడుపూ నిండదు. బాన్సువాడలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నేను జాకెట్లు కుడతాను. కొడుకు వరికోత మిషన్ నడుపుతాడు. కోతలున్నన్నాళ్లు డోంగ్లి దాకా పోయి వారాల తరబడి అక్కడే ఉంటాడు, లేనన్నాళ్లు ఇంట్లో ఉంటాడు. దానిమ్మపండ్లు పెట్టు, ఖర్జూరాలు పెట్టు అని దవాఖానలో పక్కన కూర్చున్న ఒకావిడ చెప్పుకుపోతుంటే నాకు నవ్వొచ్చింది. పిండి కొద్దీ రొట్టె. మా పిండికి ఎంత రొట్టె అవుతుందో నేనే చూసుకుంటాననుకున్నాను.

చూసుకున్నాను కూడా, ఆ మాట ఎవరూ కాదనలేరు. పొద్దు వాలే వేళకు అంగడికి పోతే తోటకూర, పాలకూర సగం ధరకే ఇచ్చేస్తారు. వాడిన ఆకులు తుంచేసుకుంటే మిగిలింది బంగారం. ఒకరోజు పుంటికూర పప్పు, ఒకరోజు మునగాకు వేసిన పెసరపప్పు, పొద్దున రాగి జావ. పల్లీలు వేయించి బెల్లంతో దంచి ముద్దలు కట్టి డబ్బాలో పెట్టాను. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు నా కళ్లముందే తినాలని, దాచి మొగుడికి పెడితే ఊరుకోనని కోడలికి చెప్పాను. తిన్న వెంటనే చాయ తాగితే రక్తం పట్టదని దవాఖానలోని నర్సమ్మ అంటే ఆ చాయ కూడా మాన్పించాను.

ఇక మిగిలింది అన్నం. అన్నం మాకు రేషన్ బియ్యంతోనే. ఆ బియ్యం దగ్గరే నాకు కొత్త భయం పట్టుకుంది.

కడుగుతుంటే కొన్ని గింజలు పైకి తేలాయి. మిగతా బియ్యంలా లేవు. కాస్త పచ్చగా, మొద్దుగా, అన్నీ ఒకే తీరున అచ్చులో పోసినట్టున్నాయి. అదే వారం పక్కింటావిడ తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఎవరో అన్నం ముద్దచేసి నేలకు కొడితే బంతిలా ఎగిరింది. ప్లాస్టిక్ బియ్యమట, రేషన్‌లో కలిపేస్తున్నారట. కడుపులో బిడ్డ ఉన్న పిల్లకు పూటపూటకూ ప్లాస్టిక్ వండిపెడుతున్నానా అనుకున్నాను.

మరునాడు గుప్పెడు గింజలు కొంగున కట్టుకుని రేషన్ దుకాణానికి పోయాను. నాకు భయం వేస్తే అది నోట్లోంచి కోపమై వస్తుంది. వరుసలో నిలబడ్డ అందరి ముందు "గివి మీ ఇంట్ల తింటరా అన్నా?" అని డీలర్‌ను అడిగాను.

"పైనుంచే గట్ల వస్తున్నయక్కా, గవి..." అని ఆయన ఏదో చెప్పబోయాడు.

"గా పైనున్నోళ్లనే తినమను" అని, ఇంకో నాలుగు మాటలు అనేసి ఇంటికొచ్చేశాను.

బయట బియ్యం కొనుక్కునే స్తోమత మాకు లేదు. అందుకని ఏరడం మొదలుపెట్టాను. పెళ్లికి ముందు బీడీలు చుట్టిన వేళ్లు నావి, ఇంకా చురుకుగానే ఉన్నాయి. రోజూ పొద్దున కుట్టుమిషన్ ముందు కూర్చోకముందే చాటలో బియ్యం పోసి, వెలుతురుకు పెట్టి, ఒక్కొక్క గింజను గోటితో లాగేసేదాన్ని. ఒక్కటి తప్పిపోయిందేమోనని ఆ పూటంతా మనసు పీకేది. అన్నం వండాక మెతుకులు చిదిమి చూసేదాన్ని. కోడలు తింటుంటే ఎదురుగా కూర్చుని, ఆమె మింగే ప్రతి ముద్దనూ చూసేదాన్ని. ఏరిన గింజలు కోళ్లకు కూడా వేయలేదు. వాటి ప్రాణం మాత్రం ప్రాణం కాదా అని మోరీలో పోసి నీళ్లు గుమ్మరించేదాన్ని.

ఏడో నెలలో మళ్లీ పరీక్ష చేశారు. ఎనిమిదికి వచ్చింది.

నేను ఇంత చేస్తే తగ్గింది. ఆ రోజు దవాఖాన నుంచి ఇంటిదాకా ఎలా నడిచానో నాకు తెలియదు. "దవాఖానల ఇచ్చిన రక్తం గోలీలు మింగుతున్నవా?" అని అడిగితే, "మింగుతున్న అత్తమ్మా, ఒక్కోపారి కక్కొస్తది" అంది. ఆమె పెదవుల్లో నాకు చెల్లెలి పెదవులే కనిపించాయి. ఆ మరునాటి నుంచి బియ్యం రెండుసార్లు ఏరాను. ఆ పాడు గింజ ఎక్కడో ఇంకా మిగిలిపోతున్నదని నా అనుమానం.

వారం తిరక్కుండానే నర్సమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. రక్తం తగ్గిన వాళ్ల ఇళ్లకు వెళ్లి ఏం వండుతున్నారో, ఏం తింటున్నారో చూస్తుందట. నేను అన్నీ గర్వంగా చూపించాను. పల్లీ ముద్దలు, ఆకుకూరలు, చివరికి చాట కూడా. "సూడమ్మా, ఒక్క ప్లాస్టిక్ గింజను గూడ పొయ్యి మీదికి పోనియ్య" అన్నాను.

నేను పక్కకు తీసిన గింజలను ఆమె అరచేతిలో పోసుకుని కాసేపు చూసింది.

"అక్కా, ఇవి ప్లాస్టిక్ గావు. బియ్యప్పిండిల రక్తం పట్టే మందు కలిపి గింజల లెక్క చేస్తరు. గోలీలల్ల ఉండేదే వీటిల గూడ ఉంటది."

నేను నమ్మలేదు. ఆమె ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి, నలిగిన పిండిని వేలి మీద పెట్టి చూపించింది. నేనూ ఒకటి కొరికి చూశాను, నలిగింది పిండే. రెండు నెలలుగా వెలుతురుకు పెట్టి మరీ వెతికి, ఆ పిల్లకు అందాల్సినదాన్నే మోరీలో పోశాను.

"గీ గింజలతోనే రక్తమంత పడతదని గాదక్కా. గోలీలు కక్కుతుంది గదా, తగ్గింది ఎక్కువ దానికే. గోలీ మారుస్తరు, అది గూడ పడకుంటే సూదిమందు ఎక్కిస్తరు. ఇంక టైమున్నది" అంది. నా మనసు కుదుటపడాలనే అంది, కానీ పడలేదు. తరువాత ఆమె కోడలి వైపు తిరిగింది. "గింజల సంగతి నీకు పోయిన నెలనే చెప్పిన గదా. అత్తకు చెప్పలేదా?"

కోడలు తల వంచుకుంది.

నర్సమ్మ వెళ్లాక బియ్యం ఏరకుండానే కడిగాను. గింజలు తేలుతుంటే, ఏమిటో తెలిసి కూడా నా వేళ్లు వాటిని ఏరబోయాయి. అన్నం, పప్పు వడ్డించి ఎప్పటిలాగే కోడలికి ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకు చెప్పలే బిడ్డా?"

మళ్లీ అడిగాను, ఈసారి గొంతు తగ్గించి.

"గా డీలర్ మీద మీరు లొల్లి చేసిన్రని వాడకట్టంత చెప్పుకున్నరు. నేను చెప్తే నన్ను గూడ గట్లనే అంటరని."

"పానం మీదికొచ్చే ముచ్చట గదనే. కాన్పంటె నీకు భయం లేదా?"

"ఉన్నది" అంది పళ్లెంలోకి చూస్తూ. "మీరంటె ఇంక ఎక్కువ."

నేను ఇలా ఎదురుగా కూర్చుంటే ఆ పిల్ల తిన్నది ఒంటబట్టదేమోనని భయం వేసింది. అన్నం గిన్నె ఆమె చేతికందేలా జరిపి, లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయాను.