తాడు వదిలేసిన జూనియర్లు

పోయినవాటి లెక్క ముందే చెప్పేస్తాను. రెండు ఫోన్లు, ఒక కళ్ళజోడు, ఒక కారు తాళంచెవి, ఒక పెట్టుడు పన్ను, ఐదు చెప్పులు. ఐదు జతలు కాదు, ఐదే. వాటిలో ఏ రెండూ జత కావు. ఇవన్నీ ఒక శుక్రవారం పొద్దున ఖురం బీచ్‌లో సముద్రం పాలయ్యాయి. అన్నీ సీనియర్లవే. జూనియర్లమైన మాకు పోయింది ఒక్క పందెం. అయినా ఆ రోజు ఓడింది మేమే.

సీనియర్లు, జూనియర్లు అంటే మీసాలు రాని పిల్లలనుకోకండి. అప్పటికి నాకు నలభై ఏడు. గల్ఫ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సామాను లెక్క చూసేవాణ్ణి: సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు, ఇటుకలు. నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఆ లెక్కలే కంప్యూటర్‌లో వేయడం రావాలని కంపెనీవాళ్ళు అనడంతో బౌషర్‌లో ఒక మెడికల్ షాపు మీద, మూడో అంతస్తులో ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. రెండు గదులు, పది కంప్యూటర్లు, తెలుగులో పాఠం చెప్పే ఒక మాస్టారు. దాన్ని మేం కాలేజీ అనేవాళ్ళం. మాలో ఎక్కువమంది నిజం కాలేజీ గడప తొక్కలేదు. అందుకని కాలేజీల్లో ఏమేం జరుగుతాయని విన్నామో అవన్నీ అక్కడ జరిపించుకున్నాం.

మాకంటే మూడు నెలల ముందు చేరినవాళ్ళు సీనియర్లు. తొమ్మిది మంది, అందరూ ఆఫీసు ఉద్యోగులు. మేం సైట్ మనుషులం. ఏసీ కింద కుర్చీ సీనియర్లది. టీలు తెచ్చేది జూనియర్లు. మెట్ల మీద ఎదురుపడితే పక్కకు తప్పుకుని ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెప్పాలి. సీనియర్ల నాయకుడు గోదావరి మనిషి, ఖురంలో ఏదో ఆఫీసులో గుమస్తా. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నా నెరిసిన తల చూసి కూడా "ఏవండీ జూనియర్ గారూ" అనే పిలిచేవాడు. నేనూ గుడ్ మార్నింగ్ చెప్పేవాణ్ణి. చిన్నప్పుడు దొరకని సరదా కదా, నలభై ఏడేళ్ళకు దొరికితే కాదనడమెందుకు?

క్లాసులు అక్కడ సెలవు రోజైన శుక్రవారమే. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా సీనియర్లకు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాకు. సీనియర్ బ్యాచే ముందు తన వేళ ఎంచుకోవాలన్నది ఆచారం. దానితో మాలో ఎవరికీ ఇబ్బంది లేదు, ఒక్క అక్కకు తప్ప.

అక్కది కడప జిల్లా. బౌషర్‌లోనే ఒక ఇంట్లో వంటపని. మా బ్యాచ్‌లో ఆడమనిషి ఆమె ఒక్కతే. వయసుతో పని లేకుండా అందరం అక్క అనేవాళ్ళం. ఆమె పనిచేసే ఇంటి మేడమ్‌కు బురఖాలు అమ్మే షాపు ఉంది. కంప్యూటర్‌లో బిల్లు కొట్టడం నేర్చుకుని సర్టిఫికెట్ తెస్తే వంటింట్లోంచి తీసి షాపు కౌంటర్‌లో కూర్చోబెడతానని మేడమ్ మాటిచ్చింది. మొదటి మూడు వారాలు మేడమ్ కుటుంబం ఊళ్ళో లేదు కాబట్టి అక్క మధ్యాహ్నం క్లాసుకు రాగలిగింది. వాళ్ళు తిరిగొచ్చాక కథ మారింది. శుక్రవారం నమాజు అయ్యాక చుట్టాలంతా ఆ ఇంట్లోనే భోజనం చేస్తారు. వంట, వడ్డన, గిన్నెలు అన్నీ అయ్యేసరికి సాయంత్రం. ఆమెకు సెలవు పొద్దున పదకొండు దాకానే.

"పదకొండేండ్లు నిలబడే పని జేసినా అన్నా," అంది నాతో. "ఆ కుర్చీలో ఒక్కతూరి కూసోవాలని ఉండాది. పొద్దన్నే క్లాసు లేకుంటే నేను మానుకోవాల్సిందే."

నేను సీనియర్ల నాయకుడి దగ్గరికి వెళ్ళాను. ఇది చాలా తేలిక లెక్క అనుకున్నాను.

"సార్, కంప్యూటర్లు పదున్నయి. మీరు తొమ్మిది మంది. ఒకటి ఖాళీగనే ఉంటది గదా. అక్క గాడ కూసుంటది."

"ఖాళీగా ఉంటే ఉండనివ్వండీ. దానికేమన్నా ఆకలేస్తుందేంటి?"

"గట్లంటరేంది సార్?"

"మరెలాగనమంటారండీ? మేం జూనియర్లుగా ఉన్నప్పుడు మధ్యాహ్నం ఎండలో పడి రాలేదా? సీనియర్ల వేళలో జూనియర్ గదిలో కూర్చోకూడదు. ఆయ్, కుదరదు."

పదిలోంచి తొమ్మిది తీస్తే ఒకటి మిగలాలి. ఆ గదిలో మాత్రం మిగల్లేదు. చివరికి మాస్టారు కల్పించుకుని, కాలేజీలన్నాక ఇలాంటి తగువులు తాడు లాగి తేల్చుకుంటారని ఎక్కడో విన్నది చెప్పారు. మేం గెలిస్తే పొద్దుటి వేళ మాది. ఓడితే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఒక్కో వైపు ఏడుగురు. తాడులో మధ్య ముడి ఎవరి గీత దాటితే వాళ్ళు గెలిచినట్టు. తాడు వదిలినవాళ్ళు ఓడినట్టు.

మనుషుల్ని ఎంచే పని నాకు పడింది. కింద మెడికల్ షాపులో ఉన్న తూకం మీద మావాళ్ళను ఒక్కొక్కరినే నిలబెట్టాను. ఏడుగురం కలిసి ఐదువందల ముప్ఫై మూడు కిలోలు. సీనియర్ల బరువులు వాళ్ళ పొట్టలు చూసి అంచనా వేశాను. మా కంటే నలభై కిలోలు ఎక్కువే తేలారు. అంటే వాళ్ళ వైపు సగం మనిషి అదనం. మావాళ్ళకు ఆ సంగతి చెప్పలేదు. రోజూ ఇనుము లాగే చేతులకు ఎంత కలపాలో నాకు తెలియదు కానీ, ఎంతో కొంత కలపాలి కదా.

ఆ శుక్రవారం ఏడింటికే బీచ్‌కు చేరాం. అక్క ఫ్లాస్కుతో టీ తెచ్చింది. సీనియర్లు ముందుగా వచ్చి సముద్రం వైపు చోటు పట్టేశారు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కాలు జారదు. తెలివైన పనే. మాకు పొడి ఇసుక మిగిలింది.

మాస్టారు చెయ్యి దించారు. "జోర్ లగాకే!" అని నేనంటే "హైస్సా!" అని మిగతావాళ్ళు. ఆ పిలుపు మాకు కొత్త కాదు, రోజూ సైట్‌లో ఉన్నదే. సీనియర్లకు అలాంటిదేమీ లేదు. ఒకడు వన్ టూ త్రీ అంటే ఇంకొకడు త్రీ టూ వన్ అంటున్నాడు. ముడి మా వైపు కదిలింది. జానెడు, రెండు జానలు. గీతకు ఇంకో జానెడే ఉంది.

"లాగండన్నా! ఇంగ రోంతే!" అని అక్క కేక.

అప్పుడు వినిపించింది విజిల్. మాకోసం కాదు. ఎవరో నీళ్ళలో మరీ దూరం పోతుంటే బీచ్ గార్డు ఊదాడు.

సైట్‌లో పనిచేయనివాళ్ళకు ఇది అర్థం కావడానికి ఒక మాట చెప్పాలి. క్రేన్ కింద పనిచేసేటప్పుడు విజిల్ ఊదితే, చేతిలో ఏముంటే అది వదిలేసి రెండడుగులు వెనక్కి వేయాలి. ఎందుకని అడగకూడదు, పైకి చూడకూడదు. ఆలోచించేలోపు తల మీద ఏదన్నా పడవచ్చు. ఏళ్ళ తరబడి అదే నేర్పుతారు. విజిల్ చెవికి వినపడకముందే చేతులకు వినపడుతుంది.

ఏడుగురం ఒక్కసారే తాడు వదిలేశాం. ఒక్కసారే రెండడుగులు వెనక్కి వేశాం. పరేడ్‌లో కూడా అంత వరస కుదరదు.

అవతల ఐదువందల డెబ్భై కిలోల సీనియర్లు వెల్లకిలా సముద్రంలోకి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద అల వాళ్ళ మీదుగా వచ్చి, పట్టుకుపోగలిగినవి పట్టుకుపోయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అక్క. నవ్వీ నవ్వీ ఇసుకలో కూలబడింది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. "తాడు వదిలిందెవరయ్యా?"

"మేమే సార్."

"అయితే ఓడింది మీరే."

అక్క నవ్వు అక్కడే ఆగిపోయింది. లేచి చీర దులుపుకుని ఫ్లాస్కు మూత బిగించింది. "పోతాండా అన్నా," అంది. గెలుపు ఎంత దగ్గరికి వచ్చి చేజారిందో ముడిని చూసినవాళ్ళందరికీ తెలుసు.

నీళ్ళు కారుతూ నాయకుడు ఒడ్డుకు వచ్చాడు. ముందరి పెట్టుడు పన్ను పోవడంతో మాటమాటకూ ఈల వస్తోంది. అక్క వైపు చూశాడు, మా వైపు చూశాడు, చొక్కా పిండుకున్నాడు.

"గెలిచామండీ. గెలిచామంటే గెలిచామే. కానీ ఈ గెలుపు నలుగురికీ చెప్పుకునేట్టు లేదు."

నేను అవకాశం వదల్లేదు. "పదో కంప్యూటర్ ఇంకా ఖాళీగనే ఉన్నది సార్."

చాలాసేపు గొణుక్కున్నాడు. "ఊరికే కూర్చోనిస్తే రూలు పోతుంది. ఆవిడ మా వేళలో ఎన్ని గంటలు కూర్చుంటే అన్ని గంటలు మీ బ్యాచ్ మాకు చాకిరీ చెయ్యాలి. టీలు తేవాలి, బోర్డు తుడవాలి."

"టీలు ఎప్పటిసంది తెస్తనే ఉన్నం గద సార్?"

"అవి వేరు, ఇవి వేరండీ."

అక్క అడ్డొచ్చింది. "నా గంటలు నేనే తీర్చుకుంటాలే సార్. వాళ్ళకెందుకు?"

"ఠాఠ్! సీనియర్ల గదిలో కుర్చీ మీద కూర్చున్న మనిషి చీపురు పట్టుకుంటే పరువెవరిదండీ పోయేది? మాది."

అలా అక్క ఆ వారం నుంచి పదో కంప్యూటర్ ముందు కూర్చుంది. సీనియర్ల కోర్సు అయిపోయేదాకా తొమ్మిది శుక్రవారాలు, మొత్తం పద్దెనిమిది గంటలు. ఆ తర్వాత సీనియర్లం మేమే, పొద్దుటి వేళ మాదే. ఆ తొమ్మిది వారాలూ మేం వంతులు వేసుకుని చాకిరీ చేశాం. కార్లు తుడిచాం. లిఫ్టు పాడైన రోజు ప్రింటర్‌ను మెట్ల మీదుగా మోశాం. కొన్ని వారాలు సైట్‌లో ఓవర్‌టైమ్ పడి ఎవరమూ వెళ్ళలేకపోయాం. అలా బాకీ మిగిలింది.

అక్క ఇప్పుడు కౌంటర్‌లో ఉంది. కిందటి నెల అటు వెళ్ళినప్పుడు షాపులోకి తొంగిచూశాను. ఎవరో బేరమాడుతున్నారు. ఆమె కుర్చీలోంచి లేవకుండానే ధర చెప్పి, నాకు చేత్తో ఆగమని సైగ చేసి, బిల్లు కొట్టింది.

సీనియర్ల నాయకుడికి వెయ్యి కిలోమీటర్ల అవతల, సలాలా పక్కన రైసూత్‌కు బదిలీ అయింది. అక్కడి నుంచి కూడా ఫోన్ చేస్తుంటాడు. "ఏవండీ జూనియర్ గారూ, మా గంటల సంగతేంటండీ?" పద్నాలుగు తీర్చామని నేనంటాను. కాదు, పదమూడున్నరే అంటాడు. తేడా ప్రింటర్ దగ్గర వస్తోంది. మూడంతస్తుల్లో ఒకటిన్నర ఎక్కేసరికి లిఫ్టు బాగయింది కాబట్టి ఆ గంటలో సగమే చెల్లుతుందని ఆయన వాదం. మళ్ళీ వేసి చూశాను. ఆయన లెక్కే సరైనది. ఇవాళ్టికి మేం బాకీ నాలుగున్నర గంటలు.