మాంత్రికుడికి కవచం లేదు

మా మావయ్యగారు మొన్న మంగళవారం మలికిపురంలో పోయారు. ఈ సందర్భానికి తగిన గాంభీర్యం నా దగ్గర లేనందుకు పెద్దలకూ, బంధుమిత్రులకూ, ఆకాశంలో తిరిగే సకల డ్రాగన్లకూ తలవంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఏం చేస్తాం, ఆయన నేర్పిన విద్య అలాంటిది.

కువైట్ నుంచి అందరూ బంగారం తెచ్చుకుంటే ఆయన ఇరవై ముఖాల పాచిక ఒకటి తెచ్చారు. క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్ళు నేర్పిన ఆటట. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు యోధుడో, దొంగో, మాంత్రికుడో అయి అందులో తిరుగుతారు. దెబ్బ తగిలిందో లేదో పాచిక చెబుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు కొబ్బరికాయలు రాశిపోసిన వసారాలో ఆయన కథ నడిపేవారు, మేం ముగ్గురు కుర్రాళ్ళం ఆటలో చచ్చేవాళ్ళం. చచ్చినవాడికి వెంటనే బొండాం కొట్టి ఇవ్వడం ఆయన అలవాటు.

బొండాలు ఎక్కువగా తాగింది నేనే. నాది మాంత్రికుడి వేషం. ఆయన చట్టంలో యోధుడికి నిలువెత్తు ఉక్కు, దొంగకు తోలు చొక్కా, మాంత్రికుడికి నూలుబట్ట.

"ఒక్క ఇనప చొక్కా ఇప్పించండి మావయ్యగారూ, చలికైనా పనికొస్తుంది."

"గర్భగుడిలోకి అర్చకులు చొక్కా తొడుక్కుని వెళ్తారేంట్రా? ఇదీ అంతే. భయమేస్తే పరిగెత్తు. ఇనుముంటే అదీ చెయ్యలేవు."

మాలో ఒకడు అర్చకుల అబ్బాయి. "ఆయ్, నిజమేనండి," అని తలూపేవాడు. వాడిది యోధుడి వేషం, మెడదాకా ఉక్కు. ఎందుకు ఊపడు!

తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలయ్యాక ఎక్కువసేపు మాట్లాడే ఓపిక ఉండేది కాదు. కథ నడిపే పని నాకప్పగించి, కువైట్‌లో మొదలుపెట్టిన తన పాత మాంత్రికుణ్ణి బయటికి తీశారు. అన్నేళ్ళలో ఒక్కసారీ చావనివాడు. వాణ్ణి కథ చివరిదాకా బతికించుకోవాలని ఆయన ఆశ. ఆ మాంత్రికుడి గుర్తు ఒక తెల్ల గవ్వ. మంచం మీద దుప్పటి మడతలే మాకు కొండలు.

పోయే ముందు ఆదివారం ఆ మాంత్రికుడు వంతెన మీద ఒంటరిగా చిక్కాడు. అవతలి గట్టున విలుకాడు బాణం ఎక్కుపెట్టాడు. మాంత్రికుడికి ఇంకో దెబ్బ తట్టుకునే ప్రాణం లేదు. చచ్చిన యోధుడి కవచం పక్కనే పడి ఉందని నేను అప్పటికప్పుడు కల్పించాను.

"తొడుక్కోండి మావయ్యగారూ. ఈ ఒక్కసారికి చట్టం పక్కన పెడదామండి."

"ఇన్నాళ్ళూ నీకివ్వంది నాకెందుకురా? పాచిక వెయ్యి."

నేను పాచిక వేసేది నిలబెట్టిన క్యాలెండరు అట్ట వెనకాల. ఆయనకు కనపడదు. బాణం తప్పిందని నేనంటే సరిపోయేది. గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యగారు కళ్ళతో అదే అడుగుతున్నారు.

"తగిలిందండి," అన్నాను.

"ఒంట్లో బాలేని మనిషిని పట్టుకుని చంపుతావేంట్రా! బుద్ధుందా?" అన్నారు అత్తయ్యగారు.

"నువ్వుండవే. పాచిక మాటే చెప్పేడు వాడు."

మొదట్లో చెప్పిన క్షమాపణలన్నీ ఉత్తివి. తప్పో ఒప్పో, నేను నిజంగా చేసింది ఇదొక్కటే: అబద్ధమాడే వీలుండీ ఆడలేదు. ఆయన వేలితో ఆ గవ్వను వెల్లకిలా తిప్పి, దుప్పటి అంచు కాస్త దాని మీదికి లాగారు.