బోటు మీద సన్న అక్షరాలు

నెల్లూరులో నాది రేడియం స్టిక్కర్ల కొట్టు. కంప్యూటర్లో ఉన్న ఇంగ్లీషు అక్షరాల రకాల్లో నాకు ఒకటంటే ప్రాణం. లైట్ ఇటాలిక్ స్లాబ్ సెరిఫ్ అంటారు. గీత సన్నగా ఉంటుంది, కాస్త కుడికి వాలుతుంది, కొసలకు చదునైన పాదాలుంటాయి. ఆ పాదాల వల్లే, ఎంత వాలినా జారిపడుతున్నట్టు అనిపించదు. పెళ్లిపత్రిక మీద పేర్లకు, ఫోటో కింద రాసే ఒక్క వాక్యానికి దాన్ని మించింది లేదు. చేత్తో పట్టుకుని చదివేవాళ్ల కోసం పుట్టిన అక్షరం అది. దూరం నుంచి చూస్తే గీతలు కలిసిపోతాయి. ఆ సంగతి నాకు తెలుసు.

తెలిసే, జువ్వలదిన్నె రేవులో మా బావ బోటుకు, వేటకు బయలుదేరే ముందు రోజు, నంబరు ఆ అక్షరాల్లోనే కోసి అంటించాను.

"లావుగా పెట్టు బామ్మర్దీ. సముద్రంలో ఎవుడు కళ్లద్దాలు పెట్టుకోని తిరగతాడు?" అన్నాడు బావ.

"నీకు తెలీదులే బావా. రేవు మొత్తానికి నీ బోటే అందంగా ఉంటాది చూడు."

అందం నాది, బోటు ఆయనది.

వాయుగుండం కబురు తెలిశాక బోట్లన్నీ వెనక్కి వచ్చాయి, బావది తప్ప. ఫోను కలవడం లేదు. నేను రేవుకు చేరేసరికి అక్క గట్టు మీద ఉంది. బావ ఉత్తరానికి పోతానని చెప్పి వెళ్లాడట. వెతకడానికి ఒక పెద్ద బోటు అటే బయలుదేరబోతోంది.

అప్పుడే ఆఖరుగా ఒడ్డు చేరిన ఒకాయన అన్నాడు. "దక్షిణాన ఇంజనాగిన బోటొకటి కొట్టుకపోతా ఉండాదక్కా. మాకే నిలబడను కాలేదు, తాడేం ఇస్తాం?"

"నంబరేంది?" అంది అక్క.

"కనపడింది గానీ చదవలేకపోయినా. వెంట్రుకలు అంటించినట్టు అన్నీ ఒక పక్కకు వాలి ఉండాయి. ఏ ఎర్రోడు రాసినాడో!"

"వేరే రేవుదై ఉంటాదిలే" అన్నారు పక్కవాళ్లు.

అలాంటి అక్షరాలు ఈ తీరంలో ఒక్క బోటుకే ఉన్నాయి. నోరు తెరవాలి. అక్క నా వైపు ఎలా చూస్తుందోనన్న భయానికి తెరవలేదు. పెద్ద బోటు కట్టు విప్పారు, ఇంజను మొదలైంది. అది గట్టు నుంచి కదిలాక గానీ నేను అరవలేదు.

"దక్షిణానికి పోండన్నా! అది మా బావదే! ఆ నంబరు అంటించింది నేనే!"

బోటు దక్షిణానికి తిరిగింది. అక్క నా దగ్గరికి వచ్చింది.

"వాళ్లు వేరే రేవుదంటా ఉంటే, విని కూడా నిలబడినావే?"

"భయమేసిందక్కా."

"నాకు ఎయ్యలేదా?"

అలలు గట్టు మీదికి వచ్చి పడుతున్నాయి. అక్షరాల సంగతి ఆమె ఎత్తనే లేదు. నేను మాట్లాడకుండా నిలబడ్డ ఆ కాసేపట్లో బావ ఇంకెంత దూరం కొట్టుకుపోయి ఉంటాడోనని నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా పెద్ద బోటు కనిపించింది. దాని వెనక ఏముందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అక్క ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఆమె ఉన్నట్టుండి గట్టు మీద కూలబడి ఏడ్చింది. అది ఏ ఏడుపో నాకు తెలియలేదు.

"తాడు కట్టుండాదిరా" అంది. "లాక్కొస్తా ఉండారు. మీ బావ చెయ్యి ఊపతా ఉండాడు."